కెనడీ లేని మైదానం: 1963 ఆర్మీ-నేవీ ఆట ఏ గాయాన్ని మాన్పింది?

అధ్యక్షుడు జాన్ కెనడీ హత్యకు గురైన పదిహేను రోజులకు, 1963 డిసెంబర్ 7న, ఫిలడెల్ఫియాలో రెండు కాలేజీ జట్లు ఫుట్‌బాల్ ఆడాయి. ఒకటి సైన్యానిది, ఇంకొకటి నౌకాదళానిది. లక్ష మంది దాకా స్టేడియానికి వచ్చారు. మిగతా దేశం టీవీల ముందు కూర్చుంది. నేవీ 21, ఆర్మీ 15.

అమెరికాలో ఈ ఆట ప్రస్తావన వచ్చినప్పుడల్లా, శోకంలో మునిగిన దేశం దీనితోనే తేరుకుందని అంటుంటారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ బంతి పట్టుకుని పరుగెత్తే ఇరవై ఏళ్ల కుర్రాళ్లు ఒక దేశం దుఃఖాన్ని ఎలా తీర్చగలరు? ఆటకే అంత శక్తి ఉంటే, హత్య జరిగిన మూడో రోజునే ఆడించిన ఏడు ప్రొఫెషనల్ ఆటలు ఆ పని ఎందుకు చేయలేదు? వాటిని ఆడించిన పెద్దమనిషి ఆ నిర్ణయానికి జీవితాంతం ఎందుకు బాధపడ్డాడు?

ఈ చిక్కుముడి విప్పే ముందు ఆట గురించి రెండు మాటలు. ఇది మనం కాలితో ఆడే ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని, విసురుకుంటూ, అడ్డొచ్చినవాళ్లను తోసుకుంటూ అవతలి గీత దాటించే అమెరికన్ ఆట. బంతి ఉన్న జట్టుకు పది గజాలు ముందుకు సాగడానికి నాలుగు అవకాశాలు ఇస్తారు. గీత దాటితే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. ఆ వెంటనే అదనంగా ఒకటో రెండో పాయింట్లు సాధించే అవకాశమూ ఉంటుంది. జట్టును నడిపేది క్వార్టర్‌బ్యాక్. అతడు గట్టిగా అరిచి చెప్పే సంకేతాన్ని బట్టే మిగతా పదిమంది కదులుతారు. ఆ అరుపు వినిపించకపోతే జట్టు నిలబడిపోతుంది. ఆ రోజు చివరి నిమిషంలో జరిగింది అదే.

న్యూయార్క్ రాష్ట్రంలో హడ్సన్ నది ఒడ్డున వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీని 1802లో స్థాపించారు. మేరీలాండ్‌లోని అనాపొలిస్ నౌకా అకాడమీ 1845లో వచ్చింది. ఈ రెండు జట్లు మొదటిసారి 1890లో వెస్ట్ పాయింట్‌లో తలపడ్డాయి, నేవీ 24-0తో గెలిచింది. అక్కడ మొదలైన పంతం ఎంత త్వరగా ముదిరిందంటే, 1893 ఆట తర్వాత ఒక జనరల్, ఒక అడ్మిరల్ ద్వంద్వ యుద్ధం దాకా వెళ్లారని చెప్పుకుంటారు. ఆ కథలో నిజమెంతో, ఉప్పూకారం ఎంతో పక్కన పెడదాం. 1894 నుంచి 1898 వరకు ఐదేళ్లపాటు ఈ ఆట జరగలేదన్నది మాత్రం చరిత్రలో ఉంది. 1899లో మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఎవరి సొంతగడ్డా కాని ఫిలడెల్ఫియాను ఎంచుకున్నారు. ఆ తర్వాత అదే ఈ ఆటకు సొంతిల్లయింది.

ఈ పోటీకి మిగతా కాలేజీ పోటీలకు లేని లక్షణం ఒకటి ఉంది. మైదానంలో కొట్టుకునే ఈ కుర్రాళ్లంతా చదువు అయిపోగానే సైన్యంలోనో నౌకాదళంలోనో అధికారులవుతారు. రేపు యుద్ధం వస్తే ఒకే వైపు నిలబడాల్సిన వాళ్లు. అందుకే ఈ పంతంలో కసి ఉంటుంది గానీ పగ ఉండదు. ఇంకో విశేషం, రెండు జట్లకూ పైఅధికారి ఒక్కడే: దేశాధ్యక్షుడు. 1901లో థియోడర్ రూజ్‌వెల్ట్ ఈ ఆట చూడటానికి వచ్చి, మొదటి సగం ఒకవైపు, రెండో సగం ఇంకోవైపు కూర్చున్నాడు. పక్షపాతం లేదని చూపించడానికి అధ్యక్షులు ఆ అలవాటును పాటిస్తూ వచ్చారు.

కెనడీకి పక్షపాతం లేదని ఎవరూ నమ్మలేదు, అది వేరే విషయం. ఆయన నౌకాదళం మనిషి. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్‌లో పీటీ-109 అనే చిన్న యుద్ధ పడవకు నాయకుడిగా పనిచేశారు. 1943 ఆగస్టులో జపాన్ యుద్ధనౌక ఒకటి ఢీకొని ఆ పడవ రెండు ముక్కలైంది. బతికిన సిబ్బందిని ఈదుకుంటూ ఒడ్డుకు చేర్చిన కథే ఆయన రాజకీయ జీవితానికి పెట్టుబడి. అధ్యక్షుడయ్యాక 1961లోనూ 1962లోనూ ఫిలడెల్ఫియా వెళ్లి ఈ ఆట చూశారు. పద్ధతి ప్రకారం మధ్యలో లేచి అవతలి వైపుకు వెళ్లి కూర్చున్నారు కూడా. రెండుసార్లూ నేవీయే గెలిచింది. మూడో ఏడు ఆట నవంబర్ 30న జరగాల్సి ఉంది.

నవంబర్ 22 శుక్రవారం. డల్లాస్‌లో మధ్యాహ్నం పన్నెండున్నరకు కాల్పులు జరిగాయి. ఒంటిగంటకు అధ్యక్షుడు మరణించినట్టు ప్రకటించారు. అప్పటి నుంచి సోమవారం అంత్యక్రియలు ముగిసేదాకా టీవీ సంస్థలు తమ మామూలు కార్యక్రమాలన్నీ, ప్రకటనలతో సహా, ఆపేశాయి. దేశం మొత్తం ఒకేసారి ఒకే దృశ్యాన్ని చూస్తూ అన్ని రోజులు కూర్చోవడం అంతకుముందు ఎన్నడూ లేదు. ఆదివారం ఉదయం హత్య చేశాడన్న ఆరోపణతో డల్లాస్ పోలీసుల చేతుల్లో ఉన్న లీ హార్వే ఆస్వాల్డ్‌ను జాక్ రూబీ అనే నైట్‌క్లబ్ యజమాని కాల్చి చంపడం కూడా ఆ టీవీల్లోనే ప్రత్యక్షంగా కనిపించింది. ఆ టేపును మళ్లీ మళ్లీ వేశారు. చూసినవాళ్లకు దుఃఖంతో పాటు భయం కూడా పట్టుకుంది. దేశంలో అసలేం జరుగుతోంది అన్న ప్రశ్నకు ఎవరి దగ్గరా జవాబు లేదు.

ఆ ఆదివారమే ప్రొఫెషనల్ లీగు ఎన్‌ఎఫ్‌ఎల్ తన ఏడు ఆటలనూ ఆడించింది. లీగు కమిషనర్ పీట్ రోజెల్‌కు, కెనడీ పత్రికా కార్యదర్శి పియరీ శాలింజర్‌కు కాలేజీ రోజుల నుంచి స్నేహం. రోజెల్ ఆయన్నే సలహా అడిగాడు. ఆడించమనే జవాబు వచ్చింది. కెనడీకి ఈ ఆట ఇష్టం కాబట్టి ఆడటమే ఆయనకు గౌరవం అన్నది రోజెల్ వాదన. పోటీ లీగు ఏఎఫ్‌ఎల్ మాత్రం తన ఆటలను వాయిదా వేసుకుంది. టీవీలో ప్రసారమే లేని ఆ ఏడు ఆటలకు ప్రేక్షకులు వచ్చారు గానీ ఉత్సాహం రాలేదు. డల్లాస్ కౌబాయ్స్ ఆ రోజు క్లీవ్‌ల్యాండ్‌లో ఆడారు. ఊరి పేరు చెప్పుకోవడానికే వాళ్లు ఇబ్బంది పడాల్సిన పరిస్థితి. తాను తీసుకున్న నిర్ణయాల్లోకెల్లా చెడ్డది అదేనని రోజెల్ తర్వాత ఒప్పుకున్నాడు.

ఇక్కడే మొదటి అపోహ తొలగించాలి. హత్య తర్వాత అమెరికాలో ఆటలు ఆర్మీ-నేవీతో మళ్లీ మొదలయ్యాయని కొందరు రాస్తుంటారు. కాదు. నవంబర్ 23న, అంటే మర్నాడే, నెబ్రాస్కా, ఓక్లహోమా యూనివర్సిటీలు ఆడాయి. ఆ ఓక్లహోమా జట్టు శిక్షకుడు బడ్ విల్కిన్సన్ స్వయానా కెనడీకి శారీరక దృఢత్వ కార్యక్రమంలో సలహాదారు. నవంబర్ 28న థ్యాంక్స్ గివింగ్ పండుగకు ఎప్పటిలాగే ఆటలు జరిగాయి. కెనడీ చదివిన హార్వర్డ్, దాని చిరకాల ప్రత్యర్థి యేల్ 23న ఆడాల్సింది వాయిదా వేసుకుని 30న ఆడాయి. డిసెంబర్ 7 వచ్చేసరికి దేశంలో బంతి ఆగి ఉన్నదేమీ లేదు. మరి జ్ఞాపకాల్లో ఈ ఒక్క ఆటే ఎందుకు మిగిలింది?

పెద్దల అనుమతి ఉండటం వల్ల అని చాలామంది జవాబు. నిజమే, ఈ ఆటను రద్దు చేయాలన్న ఆలోచన గట్టిగానే సాగింది. సర్వసైన్యాధ్యక్షుడు చనిపోతే ఆయన సైనికులు పండుగలా ఆట ఆడుకోవడం ఏం మర్యాద అన్న ప్రశ్న సహజం. ఆడించమని కోరింది కెనడీ కుటుంబం, ముఖ్యంగా ఆయన భార్య జాక్వెలిన్. ఆయనకు ఇష్టమైన ఆట ఆగకూడదని ఆమె కోరిక. అప్పుడు వారం వాయిదా వేసి డిసెంబర్ 7న ఖాయం చేశారు. కానీ అనుమతే సర్వం అనుకుంటే లెక్క కుదరదు. రోజెల్ కూడా శ్వేతసౌధం మనిషిని అడిగే ఆడించాడు కదా. అయినా జనం ఆయన్ని తప్పుపట్టారు.

మొదటి తేడా గడిచిన రోజుల్లో ఉంది. రోజెల్ ఆడించిన సమయానికి శవపేటిక ఇంకా ఊరేగింపులోనే ఉంది. అంత్యక్రియలు కూడా కాకముందు ఆట పెడితే ఎవరి అనుమతి ఉన్నా అది మనసుకు ఎక్కదు. మన ఇళ్లలో పెద్దకర్మ అయ్యాక శుభస్వీకారం జరుపుతారు. దగ్గరివాళ్లు వచ్చి కొత్త బట్టలు పెడతారు, గుడికి తీసుకెళ్తారు. దానితో దుఃఖం తీరిపోదు, తీరిపోతుందని ఎవరూ అనుకోరు. ఇక నవ్వినా తప్పు లేదు, పనుల్లో పడినా తప్పు లేదు అని పదిమంది చెప్పడమే అందులోని అర్థం. అయితే ఆ పని మూడో రోజున చేస్తే ఊరు ఊరుకోదు. పైగా దాన్ని దారినపోయేవాళ్లు చేయలేరు, చనిపోయినవారితో వరస కలిసినవాళ్లే చేయాలి.

ఆర్మీ-నేవీకి ఆ వరస ఉంది. నవంబర్ 25న వాషింగ్టన్‌లో జరిగిన అంత్యక్రియల ఊరేగింపులో ఈ రెండు అకాడమీల దళాలూ నడిచాయి. శవపేటిక వెంట నడిచిన సంస్థలే పన్నెండు రోజుల తర్వాత మైదానంలోకి దిగాయి. హార్వర్డ్-యేల్ ఆట కూడా కెనడీకి దగ్గరిదే, కానీ అది ఒక చదువుకున్న వర్గానికి మాత్రమే సొంతం. దేశం మొత్తం తరఫున శోకం పాటించి, మళ్లీ దేశం మొత్తం తరఫున దాని నుంచి బయటికి రాగలిగే అర్హత యూనిఫాం వేసుకున్న ఈ కుర్రాళ్లకే ఉందని జనం అనుకున్నారు. ప్రభుత్వం ప్రకటించిన సంతాప దినాలు నెల రోజులు. ఆట సరిగ్గా వాటి నడుమ పడింది. అంతకు ఒక్క రోజు ముందే, డిసెంబర్ 6న, జాక్వెలిన్ కెనడీ పిల్లలతో శ్వేతసౌధం ఖాళీ చేసి వెళ్లారు. తేదీ కూడా మామూలుది కాదు. 1941లో పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగింది డిసెంబర్ 7నే. అప్పటికి ఇరవై రెండేళ్లు. ఒక దెబ్బ నుంచి లేచి నిలబడిన జ్ఞాపకం ఉన్న తేదీన ఆడటం కావాలని చేసింది కాదు, క్యాలెండర్ అలా కలిసొచ్చింది. అయినా స్టేడియంలో నడివయసు దాటిన ప్రతి సైనికుడికీ అది తట్టే ఉంటుంది.

ఇక ఆట. దీని గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఆట చప్పగా సాగి ఉంటే పైన చెప్పిన వరసలూ తేదీలూ ఎవరికీ గుర్తుండేవి కావు. నేవీ ఆ ఏడు దేశంలో రెండో స్థానంలో ఉన్న జట్టు. దాని క్వార్టర్‌బ్యాక్ రోజర్ స్టాబాక్‌కు కాలేజీ ఆటగాళ్లకిచ్చే అత్యున్నత పురస్కారం హైస్మన్ ట్రోఫీ హత్య జరిగిన కొద్ది రోజులకే దక్కింది. లైఫ్ పత్రిక ముఖచిత్రంగా అతడి బొమ్మ సిద్ధమైంది. చివరి క్షణంలో తీసేసి కెనడీ చిత్రం వేశారు. అంతకుముందు నాలుగేళ్లూ గెలిచింది నేవీయే. ఐదోసారి కూడా మాదే అన్న నినాదాన్ని జెర్సీల మీద రాయించుకుని వచ్చారు. ఆర్మీ క్వార్టర్‌బ్యాక్ రోలీ స్టిచ్‌వేకు అంత పేరు లేదు.

పేరు లేని కుర్రాడే మొదట కొట్టాడు. స్టిచ్‌వే టచ్‌డౌన్‌తో ఆర్మీ ఆధిక్యం సాధించింది. విరామానికి 7-7. స్టాబాక్ నడిపిస్తుంటే నేవీ వెనుక వరసలోని పాట్ డానెల్లీ ఒక్కడే ఆ రోజు మూడు టచ్‌డౌన్లు చేశాడు, వాటిలో రెండు విరామం తర్వాత. నాలుగో భాగంలో స్కోరు 21-7. ఆట అయిపోయిందని అందరూ అనుకున్నారు. స్టిచ్‌వే మాత్రం అనుకోలేదు. బంతిని తనే పట్టుకుని గీత దాటాడు, ఆ వెంటనే మరో రెండు పాయింట్లు కూడా సాధించాడు. 21-15.

అతడు గీత దాటిన ఆ పరుగు క్రీడా ప్రసారాల చరిత్రలోకి వెళ్లడానికి ఇంకో కారణముంది. సీబీఎస్ టీవీ సంస్థ తరఫున ఆటను ప్రసారం చేస్తున్న దర్శకుడు టోనీ వెర్నా వయసు ముప్పై దాకా ఉంటుంది. ఆటలో ఇప్పుడే జరిగినదాన్ని అప్పటికప్పుడే మళ్లీ చూపించాలని అతడి పట్టుదల. అప్పటి టేపు యంత్రం ఆరువందల కిలోల బరువు ఉండేది. అలాంటిదాన్ని న్యూయార్క్ నుంచి లారీలో ఫిలడెల్ఫియాకు తెప్పించాడు. టేపులో కావాల్సిన చోటు దొరకడానికి ధ్వని సంకేతాలు నమోదు చేసే కిటుకు కనిపెట్టాడు. రోజంతా ప్రయత్నిస్తే ఒక్కసారి, స్టిచ్‌వే టచ్‌డౌన్‌కు మాత్రమే, బొమ్మ సరిగ్గా వచ్చింది. వేగం తగ్గించకుండా మామూలు వేగంతోనే వేయడంతో చూసేవాళ్లు ఆర్మీ మళ్లీ స్కోరు చేసిందనుకునే ప్రమాదం ఉంది. వ్యాఖ్యాత లిండ్సే నెల్సన్ ఇది ప్రత్యక్ష ప్రసారం కాదని, ఆర్మీ మళ్లీ టచ్‌డౌన్ చేయలేదని గట్టిగా చెప్పాల్సి వచ్చింది. ఇవాళ మనం క్రికెట్‌లో ఒక్కో రనౌట్‌ను ఆరు కోణాల్లో చూస్తున్నామంటే ఆ కథ మొదలైంది ఈ ఆటలో. రెండు వారాల కిందట ఇదే టీవీ, ఇలాంటి టేపుతోనే, ఒక మనిషిని కాల్చి చంపడాన్ని పదేపదే చూపించింది. ఇప్పుడు అదే యంత్రం ఒక కుర్రాడి పరుగును రెండోసారి చూపించింది. వెర్నాకు ఆ పోలిక తట్టిందో లేదో గానీ, ఆ రోజు టీవీ చూసినవాళ్లకు తెర మీద చూడదగినదేదో మళ్లీ కనిపించింది.

స్కోరు చేసిన జట్టు బంతిని అవతలి జట్టు వైపు తన్నాలి కాబట్టి, తర్వాత బంతి నేవీకి అందాలి. ఆర్మీ దాన్ని దగ్గరలోనే పడేలా తన్నింది, స్టిచ్‌వేయే వెళ్లి దానిమీద పడ్డాడు. మళ్లీ ఆర్మీ ముందుకు సాగింది. గజం గజం తింటూ నేవీ గీతకు రెండు గజాల దూరానికి చేరింది. మిగిలింది నాలుగో అవకాశం, చివరిది. గెలుపుకు ఒక్క టచ్‌డౌన్, దాని వెంట అదనపు పాయింటు చాలు. విరామం కోరే అవకాశాలు ఆర్మీకి అయిపోయాయి. స్టేడియం హోరెత్తుతోంది. స్టిచ్‌వే అరుస్తున్నది పక్కనున్నవాడికి కూడా వినిపించడం లేదు. చేతులెత్తి రిఫరీని అడిగాడు. రిఫరీ గడియారం ఆపాడు. మళ్లీ నడిపించాడు. జట్టు ఇంకా సర్దుకుంటుండగానే సమయం అయిపోయింది. నాలుగో అవకాశం ఆడకుండానే ఆట ముగిసింది.

నిశ్శబ్దం పాటించి మొదలుపెట్టిన ఆట, హోరు ఎక్కువై ముగిసింది. రెండు వారాలుగా గొంతు తగ్గించి మాట్లాడుతున్న జనం అంత గట్టిగా అరిచారంటే, ఆ క్షణాన వాళ్లకు కెనడీ గుర్తులేడు, రెండు గజాలే గుర్తున్నాయి. నా ఉద్దేశంలో ఆ ఆట చేసిన మేలు అంతా అదే. ఓదార్చడానికి ఎవరూ ప్రయత్నించలేదు. మైదానంలో శోకాన్ని ఎవరూ నటించలేదు. ఆర్మీ కుర్రాళ్లు నేవీని నిజంగా ఓడించాలనే ఆడారు, ఓడిపోతే నిజంగానే కుమిలిపోయారు. సంతాప సూచకంగా మెల్లగా ఆడుకుని ఉంటే జనం ఆ కాసేపు దుఃఖాన్ని మరచిపోగలిగేవాళ్లు కాదు.

దేశం కోలుకుందనే మాట దగ్గర మాత్రం జాగ్రత్త అవసరం. ఎవరి దేశం? ఆ ఏడు సెప్టెంబర్‌లోనే అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌లో నల్లవారి చర్చిలో బాంబు పేలి నలుగురు ఆడపిల్లలు చనిపోయారు. వాళ్ల ఇళ్లలో ఎవరైనా ఆ డిసెంబర్ మధ్యాహ్నం టీవీ ముందు కూర్చుని తేరుకున్నారా? ఈ రెండు అకాడమీల్లోకి ఆడవాళ్లకు ప్రవేశం 1976 దాకా లేనేలేదు. మైదానంలో దేశం మొత్తం ఉందని చెప్పేవాళ్లు మైదానంలో లేనివాళ్లను లెక్కలో వేసుకోరు. ఇంకొకటి, గాయం మానిందనే మాటలు చాలావరకు తర్వాతి దశాబ్దాల్లో, వార్షికోత్సవాల సందర్భంగా పెరిగినవే. ఆ రోజుకు అది శనివారం మధ్యాహ్నం జరిగిన ఒక గొప్ప ఆట. దానికి పెద్ద అర్థం ఆ తర్వాతే వచ్చి చేరింది.

అయినా ఆ పాఠం క్రీడా సంస్థల్లోకి ఇంకింది. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్ ఆ వారాంతపు ఆటలన్నీ వాయిదా వేసింది. రోజెల్ చేసిన తప్పు అందరికీ గుర్తుంది. న్యూయార్క్‌లో మళ్లీ బేస్‌బాల్ మొదలైంది సెప్టెంబర్ 21న, అంటే పది రోజులకు. ఆ రాత్రి న్యూయార్క్ జట్టు మెట్స్ ఆటగాడు మైక్ పియాజా కొట్టిన హోమ్‌రన్‌ను కూడా జనం ఇలాగే చెప్పుకుంటారు. అక్కడ కూడా ఇవే షరతులు పనిచేశాయి: రోజులు గడవడం, దెబ్బతిన్న ఊరి జట్టే ఆడటం, ఆట నిజంగా ఉత్కంఠగా సాగడం. మూడూ కలవడం అరుదు.

ఆ ఫిలడెల్ఫియా స్టేడియానికి 1964లో కెనడీ పేరు పెట్టారు. ఆ ఏడాది అక్కడే జరిగిన ఆటలో స్టిచ్‌వే పంతం తీర్చుకున్నాడు. ఆర్మీ 11-8తో గెలిచింది, నేవీ వరస గెలుపులకు తెరపడింది. ఆ తర్వాత ఇద్దరు క్వార్టర్‌బ్యాకులూ వియత్నాం వెళ్లారు, ఒకరు సైన్యంతో, ఒకరు నౌకాదళంతో.

ఇక డల్లాస్. 1963 ఆట గెలిచినందుకు నేవీకి దక్కింది ఆ ఊళ్లోనే జరిగే కాటన్ బౌల్ పోటీకి పిలుపు. 1964 జనవరి 1న అక్కడ ఆడి టెక్సాస్ యూనివర్సిటీ చేతిలో 28-6తో చిత్తుగా ఓడింది. అధ్యక్షుణ్ని చంపిన ఊరు అన్న మచ్చ డల్లాస్‌ను ఏళ్లపాటు వెంటాడింది. ఏ కాలేజీ ఆటా దాన్ని తుడవలేదు. సైనిక సేవ ముగించుకున్న స్టాబాక్ ఇరవై ఏడేళ్ల వయసులో, 1969లో, డల్లాస్ కౌబాయ్స్‌లో చేరాడు. 1972 జనవరిలో ఆ జట్టు మొదటిసారి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచింది. ఆ ఆటలో ఉత్తమ ఆటగాడు అతడే. డల్లాస్ అనగానే హత్యకు బదులు ఫుట్‌బాల్ గుర్తుకు రావడం అప్పటి నుంచి మెల్లగా మొదలైంది. దానికి ఒక్క మధ్యాహ్నం సరిపోలేదు, పదేళ్ల దాకా పట్టింది.